పోగు తెగని చదువు

మా ఇంట్లో పుస్తకం అంటే చెవులతో వినేదే. చదివేది మా అక్క ఒక్కతే. వినేవాళ్ళు మిగిలిన మేమందరం, మా రెండు మగ్గాలతో సహా.

మాది ధర్మవరంలో పట్టుచీరలు నేసే వీధి. ముందుగదిలో పక్కపక్కనే రెండు గుంత మగ్గాలు ఉండేవి. ఒకటి మా నాయనది. రెండోది పక్కింటి మామది. వాళ్ళ ఇంట్లో గుంత తవ్వే జాగా లేక మగ్గం మా ఇంట్లో వేసుకున్నాడు. ఆయన మాకు చుట్టమేమీ కాదు. నాయన్ను బావా అని పిలిచేవాడు, అందుకని మాకు మామ అయ్యాడు. అమ్మా నేనూ గోడవారన కూర్చుని పట్టుపోగును కండెలకు చుట్టేవాళ్ళం. అక్క మాత్రం ముందుగదికీ నడిమి గదికీ మధ్య గడప మీద, రెండు మగ్గాలకూ ఎదురుగా, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని కూర్చునేది.

అక్క ఐదో తరగతి దాకా చదివింది. నన్ను రెండో తరగతి నడుమలోనే మాన్పించారు. ఇంట్లో కండెలకు చేతులు చాలలేదు మరి. ఇప్పుడు నేను రాస్తున్న ఈ అక్షరాలు తర్వాత ఎప్పుడో నా పిల్లల పలకల మీద కూడబలుక్కున్నవి. ఆ రోజుల్లో నాకు తెలిసిన కథలన్నీ అక్క నోటి నుంచి వచ్చినవే.

పుస్తకాలు తెచ్చేది మామ. గ్రంథాలయం నుంచి కొన్ని, వాళ్ళనీ వీళ్ళనీ అడిగి కొన్ని తెచ్చేవాడు. వాటన్నింటిలో మాకు ప్రాణమైంది ఒకటుంది. శెనక్కాయలు పొట్లాలు కట్టే అంగట్లోంచి దాన్ని మామ బతికించుకొచ్చాడు. అప్పటికే అట్టా, మొదటి ఆకులూ పొట్లాలైపోయాయి. అందుకే ఆ పుస్తకం పేరేమిటో, రాసిందెవరో మాకు చాలా ఏళ్ళు తెలియలేదు. ఏటి ఒడ్డున రేవులో కూడు అమ్ముకునే ఒకామె కథ అది. ఆమె తమ్ముడు మాటామాటా పెరిగి, పడవెక్కి వెళ్ళిపోతాడు. తిరిగి వస్తాడా రాడా అన్నదే కథంతా. లేని మొదటి ఆకుల్లో ఏముందో అక్కే కల్పించి చెప్పేది. ఒకసారి అక్కాతమ్ముళ్ళకు కూర ఉప్పగా ఉందని తగువు వచ్చిందనేది, ఇంకోసారి చెప్పకుండా మేకను అమ్మేశాడని అనేది. ఎట్లా చెప్పినా మేము నమ్మేవాళ్ళం.

మా సీమ గాలి పొడిగాలి. గుంతలో, మగ్గం చుట్టూ నీళ్ళు చల్లి చల్లగా ఉంచితే తప్ప పట్టుపోగు ఆగదు. ఆ చల్లే నీళ్ళకే కరువు. వానలు తప్పిన ఏడాది పోగులు మరీ ఎక్కువగా తెగేవి. పోగు తెగిన వెంటనే నాయన "పోగూ" అని గట్టిగా అనేవాడు. మామ మగ్గం మీద తెగితే మామ అనేవాడు. అక్క ఏ మాట మీద ఉంటే ఆ మాట మీదే ఆగిపోయేది. రెండో మగ్గం కూడా ఆగేది, ఎందుకంటే ఒకరు పోగు అతుకుతూ ఉంటే ఇంకొకరు కథలో ముందుకు పోకూడదని వాళ్ళ మధ్య ఒప్పందం. తెగిన కొస వెతికి, వేలి కొసలతో మెలేసి అతికే ఆ కాసేపట్లోనే మా ఇంట్లో మాటలన్నీ నడిచేవి.

"ఆ పిల్లోడు రాడు బావా. నేను చెప్తాండా, చూడు," అనేవాడు మామ.

"పోయినసారీ ఇదే మాట అన్నావు. వచ్చినాడు కదప్పా," అనేవాడు నాయన, తల ఎత్తకుండానే.

"పోయినసారి వచ్చినాడని ఈసారీ వస్తాడా? పోయిన ఏడు మన చెరువుకు నీళ్ళొచ్చినాయి, ఈ యేడు వచ్చినాయా?"

"మామా, అది పుస్తకం. దాంట్లో అచ్చేసి ఉండాది, వస్తాడని," అనేది అక్క.

"నువ్వు చదివేదాకా రాడు కదమ్మా కోడలా! నువ్వు గమ్మునుంటే వాడు ఆ పడవలోనే ఉంటాడు."

అమ్మకు మాత్రం ఆ ఏటి సంగతే మింగుడుపడేది కాదు. "పేజీకొగ వరద. అన్ని నీళ్ళు యాడికి పోతాయో ఏమో. ఒగ బానెడు ఇట్ల పంపిస్తే ఏం పోయె," అని కండె మార్చుకునేది.

పోగు అతికాక నాయన "ఊఁ, చెప్పు పాపా" అనేవాడు. అక్క ఒక వాక్యం వెనక్కి పోయి మళ్ళీ ఎత్తుకునేది. రెండోసారి అదే వాక్యం అదే విధంగా వచ్చేది కాదు. ఈ మధ్యలో నడిచిన మాటల తడి దానికి అంటుకునేది. మామ రాడని గట్టిగా వాదించిన రోజు, తమ్ముడు పడవ దిగే చోటు అక్క కావాలని నిదానంగా, ఒక్కొక్క మాటా వదులుతూ చదివేది. మామ అడ్డపోగు విసిరే నాడె చేతిలో పట్టుకుని అట్లాగే ఉండిపోయేవాడు.

పుస్తకంలో ఉన్న మాటలు అక్క నోటికి వచ్చేసరికి మా మాటలైపోయేవి. "ఆమె గుమ్మమునందు నిలచి ఎదురుచూచుచుండెను" అని అచ్చులో ఉంటే, "ఆయమ్మ వాకిట్లో నిలబడి దావ చూస్తాండాది" అని చదివేది. ఏరు ఎంత వెడల్పో చెప్పాలంటే, మా చిత్రావతి ఏరు వచ్చినప్పుడు ఎట్లుంటుందో దానికి ఇంతింతలు అని తనే ఒక మాట కలిపేది. గొంతులు మార్చడం ఆమెకు తెలియదు. ఆడది మాట్లాడితే చెయ్యి నాయన మగ్గం వైపు చూపేది, తమ్ముడు మాట్లాడితే మామ మగ్గం వైపు. వాళ్ళు ఒక కన్నుతో పోగునూ ఒక కన్నుతో ఆ చేతినీ చూస్తూ నేసేవాళ్ళు. అన్ని సార్లు విని విని, మామ ఆ తమ్ముడు తనే అన్నట్టు ఉండేవాడు. తమ్ముణ్ణి రేవులో ఎవరైనా తిడితే నిజంగానే మొహం ముడుచుకునేవాడు.

ఇప్పుడు మా మనవరాలు చెవుల్లో రెండు బిరడాలు పెట్టుకుని ఫోనులో పుస్తకాలు వింటుంది. ఒకరోజు నాకూ ఒకటి పెట్టి వినిపించింది. చదివే ఆయన గొంతు వెన్నపూస లాగా ఉంది. వెనక సన్నగా వీణ మోగుతోంది, వాన అనగానే వాన కురుస్తోంది. "ఎట్లుంది అవ్వా?" అంది. బాగుందన్నాను. బాగానే ఉంది మరి, వంక పెట్టడానికి ఏమీ లేదు. కానీ ఆ బిరడాలు తీసి ఇచ్చేసరికి నాకు మా అక్క గుర్తొచ్చింది. ఇదంతా రాయడానికి కూర్చున్నది అందుకే.

అరవైల నడిమి సంవత్సరాల్లో అక్కకు పెళ్ళి కుదిరింది. వాళ్ళూ నేతవాళ్ళే, దొడ్డబళ్ళాపురం వైపు. మంచి సంబంధమని అందరూ అన్నారు, నాయన కూడా అన్నాడు. కానీ ఆ రోజు తాంబూలాలు పుచ్చుకున్నవాళ్ళు బస్సెక్కి వెళ్ళగానే, మగ్గంలో దిగి కాళ్ళు గుంతలో పెట్టి, నేయకుండా కూర్చున్నాడు.

"ఏమయ్యా, పిల్లకు మంచి సంబంధం కుదిరితే ఆ మొగమేంది?" అంది అమ్మ.

"ఇంగ చదివేదెవురు?" అన్నాడు నాయన.

అమ్మ నా వైపు చూసింది. నేను తల వంచుకున్నాను. నాకు ఒత్తులూ గుణింతాలూ దారికి రావు. ఒక వాక్యం కూడబలుక్కునే లోపల మామ ఒక బెత్తెడు నేసేసేవాడు. అందరికీ ఆ సంగతి తెలుసు. అక్క వెళ్ళిపోతే ఇంట్లో ఒక మనిషే కాదు, ఇద్దరు మగవాళ్ళు పొద్దస్తమానం గుంతలో కూర్చుని పనిచేసే ఆ బతుకులో ఉన్న ఒక్క రుచీ పోతుంది. నాయన దిగులు అదే.

అప్పుడే మా సావుకారు అల్లుడు బెంగళూరు నుంచి సెలవు మీద వచ్చాడు. సావుకారంటే మాకు పట్టు ఇచ్చి చీరలు నేయించుకునే ఆయన. ఆ అల్లుడు బాగా చదువుకున్నవాడు, కానీ గర్వం లేని మనిషి, ఎవరి ఇంట్లోనైనా చాప మీద కూర్చునేవాడు. ఒకరోజు చీర చూడ్డానికి వచ్చి, వాకిట్లోనే ఆగి, అక్క చదువుతుంటే చెప్పులు విప్పకుండా అట్లాగే నిలబడి విన్నాడట. ఆ తర్వాత లోపలికి వచ్చి, తన దగ్గర టేపు రికార్డరు ఉందనీ, మనిషి గొంతు దాంట్లో నిలబడిపోతుందనీ, పాప అత్తారింటికి పోయినా ఆ గొంతు ఇక్కడే వినిపిస్తుందనీ చెప్పాడు.

నాయన మగ్గంలోంచి లేచి బయటికి వచ్చాడు. పని నడుమ ఆయన లేవడం నేను చూసింది తక్కువ. "నిజమా సామీ?" అన్నాడు.

మరుసటి రోజు ఆ మిషను వచ్చింది. పెద్ద పెట్టె, దాని మీద రెండు చక్రాలు. మా ఇంట్లో ఉన్న ఒక్క బల్బూ తీసేసి, ఆ హోల్డరుకు ఏదో తగిలించి, వైరు కిందికి లాగాడు అల్లుడు. పెట్టెను బియ్యపు మూట మీద పెట్టాడు. "మీ పని మీరు చేసుకోండి. ఊరికే, ఎట్లా పడుతుందో చూద్దాం," అన్నాడు.

వాళ్ళు నేశారు. అక్క కాసేపు బిగుసుకుంది, తర్వాత మరచిపోయి ఎప్పటిలాగే చదివింది. పోగు తెగింది, మాటలు నడిచాయి, అతికింది, మళ్ళీ చదివింది. అల్లుడు చక్రాలు వెనక్కి తిప్పి వినిపించాడు.

అది విన్నప్పుడు మా ఇంట్లో లేచిన నవ్వు నాకు ఇంకా వినబడుతుంది. మగ్గాల చప్పుడు గూడ్సుబండి పోతున్నట్టు ఉంది. ఆ చప్పుడు మీదుగా అక్క గొంతు, ఎవరినో పొలం అవతలి నుంచి పిలుస్తున్నట్టు. నడుమ నాయన "పోగూ" అన్న కేక. మామ ఏదో అంటున్నాడు. అమ్మ కోడిని తోలుతోంది.

"ఆ బండగొంతు నాదేనా? అయ్యో నా తల్లీ!" అని అమ్మ నోరు మూసుకుంది.

మామకు కళ్ళలో నీళ్ళొచ్చాయి నవ్వి నవ్వి. "కోడలా, నువ్వు చదువుతాండావా, ఎద్దుల్ని అదిలిస్తాండావా? ఆ తమ్ముడు రాక రాక వస్తే, ఈ గొంతు విని మల్ల పడవెక్కుతాడు!"

నాయన కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. ఎవరూ మనసులో ఏమీ పెట్టుకుని నవ్వలేదు. తన గొంతు తను వినడం అప్పటికి మాలో ఎవరికీ తెలియని సంగతి, అద్దం ఎరగనివాళ్ళు మొదటిసారి అద్దంలో చూసుకున్నట్టు ఉంది. కానీ అక్క నవ్వలేదు. చెవుల దాకా ఎర్రబడిపోయింది.

"నాయనా, నేను ఇట్లనా చదివేది? ఇన్నేండ్లూ ఇట్లనే అరిచినానా? ఒగరన్నా చెప్పకపోతిరే!"

మొహం కొంగులో దాచుకుంది. అది చూసి నాయన నవ్వు ఆగిపోయింది. అల్లుడితో, "దాన్ని తుడిచెయ్యి సామీ," అన్నాడు.

"ఉండనివ్వండి పెద్దాయనా. ఇదీ బాగుంది. ఇంకొకటి వేరే పట్టుకుందాం," అన్నాడు అల్లుడు.

"మా బిడ్డ నవ్వులపాలయ్యేది ఎందుకుండాల? పెండ్లికి పోయే చీరను ముడులతో పంపుతామా? చేస్తే బాగా చేద్దాము."

అల్లుడు సరేనన్నాడు. ఆయన దగ్గర టేపు కూడా ఎక్కువ లేదు. మొదటి చుట్ట మీదే మళ్ళీ పట్టుకోవచ్చని చెప్పాడు.

నాయనకు తెలిసింది చీర. చీరను అంగడికి పంపేముందు అరచేత్తో ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా తడిమి చూసేవాడు. ఎక్కడ పోగు అతికాడో ఆయనకు తప్ప వేరే వాళ్ళకు తెలియకూడదు. ముడి చేతికి తగిలితే అది ఆయనకు మానం పోయినట్టే. అక్క చదువును కూడా ఆయన అట్లాగే తడమడం మొదలుపెట్టాడు.

ఆ కొన్ని రోజులూ రెండు మగ్గాలూ ఆపేశారు. బొంతలూ గోనెలూ కిటికీకీ వాకిలికీ కట్టారు, బయటి చప్పుడు రాకుండా. కోళ్ళను పక్కింటికి పంపారు. అమ్మ వీధిలో నిలబడి, కూరగాయల ఆమెనూ, సైకిలు గంట కొట్టేవాళ్ళనూ చేతులు ఊపి నిలబెట్టేది. మామ నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు, దగ్గు రాకుండా. మొదటి ఆకులు ఉన్న పుస్తకం, కథను బట్టి గుర్తుపట్టి, అల్లుడే ఎక్కడో సంపాదించి తెచ్చాడు. దాంట్లో తగువు ఉప్పు గురించీ కాదు, మేక గురించీ కాదు. తండ్రి విడిచిపోయిన పాత ఇంటి గురించి. ఇంత దానికి అంత దూరం పోయినాడా అని మామ గొణిగాడు. గొణుగుడు టేపులో పడిందని మళ్ళీ మొదటి నుంచి చదివించారు.

అల్లుడు మంచిగానే చెప్పేవాడు. "నువ్వు చెయ్యి చూపిస్తే మిషను చూడలేదు కదమ్మా. ఆమెకు ఒక గొంతు, అతనికి ఒక గొంతు పెట్టు. ఆమెది కొంచెం సన్నగా, అతనిది లావుగా. పుస్తకంలో ఎట్లా ఉందో అట్లాగే చదువు, అప్పుడు ఎక్కడి వాళ్ళు విన్నా అర్థమవుతుంది." ఆయన చెప్పిన దాంట్లో తప్పేముంది? మిషనుకు చేతులు కనబడవు. అది నిజమే.

నాయన అక్క పక్కనే కూర్చున్నాడు. ఎక్కడ మాట తడబడినా, ఎక్కడ ఊపిరి గట్టిగా వినిపించినా, వేలు ఎత్తేవాడు. అల్లుడు ఆపి వెనక్కి తిప్పేవాడు. "మల్ల చెప్పు పాపా. ఆడ ముడి పడింది." అక్క విసుక్కోలేదు. ఆ మొదటి నవ్వు ఆమె మనసులో గట్టిగా నాటుకుంది. నేర్చుకోవాలన్న పట్టు వచ్చింది. తెలివైన పిల్ల కాబట్టి నేర్చుకుంది కూడా. చివరి రోజుకు రేడియోలో మాట్లాడే ఆమె మా గడప మీద కూర్చున్నట్టే ఉంది. విని నేను నోరు తెరిచాను. ఆ చదువులో పిసరంత ముడి లేదు. నాయన తల ఆడించాడు, చీర మడత పెట్టేటప్పుడు ఆడించినట్టు.

పెళ్ళయింది. అక్క వెళ్ళింది. సావుకారు అల్లుడు మిషనును తన మామగారింట్లో విడిచి, వాళ్ళ గుమాస్తాకు నడపడం నేర్పించి మరీ వెళ్ళాడు. మధ్యాహ్నాలు గుమాస్తా దాన్ని మా ఇంటికి తెచ్చి పెట్టేవాడు.

మొదటి రోజు వీధిలో సగం మంది వచ్చారు. మగ్గాలు ఆపి, అందరూ నేల మీద కూర్చుని విన్నారు. ఇంత బాగా చదువుతుందా మీ పాప, అని మెచ్చుకున్నారు. అమ్మ ఏడ్చింది. నాయన అందరి మొహాలూ చూస్తూ కూర్చున్నాడు.

రెండో రోజు మగ్గాలు నడవాలి కదా. నడిస్తే గొంతు వినబడదు. గొంతు పెంచితే గరగరమంటుంది. అక్క గడప మీద ఉన్నప్పుడు నాడె పోయి వచ్చే సందు చూసుకుని మాట విడిచేది. ఆ సంగతి అప్పటిదాకా మాకెవరికీ తెలియదు, ఆమెకూ తెలిసి ఉండదు. బొంతల చాటున, చప్పుడు లేని గదిలో చదివిన చదువుకు ఆ సందులు లేవు. మాటల మీద పోగును కొట్టే మగ్గం పలక వచ్చి పడేది, సగం నలిగిపోయేవి.

పోగు తెగింది. "పోగూ," అన్నాడు నాయన అలవాటుగా. మిషను నడుస్తూనే ఉంది.

మామ అటు తిరిగి, "ఓ కోడలా, రవ్వంత ఆగమ్మా! మీ నాయన పోగు అతుకుతాండాడు!" అని కేక పెట్టాడు. ఆ రోజు నవ్వాం. మరుసటి రోజు కూడా అదే కేక పెట్టాడు, ఎవరూ నవ్వలేదు. తర్వాత నన్ను మిషను దగ్గర కూర్చోబెట్టారు, పోగు అనగానే మీట నొక్కమని. నొక్కితే మాట మధ్యలో మూలిగి ఆగేది. మళ్ళీ వెనక్కి తిప్పితే ఎక్కడికో పోయేది. సరే, దానికైనా నా చెయ్యి అలవాటు పడింది. కానీ ఆగిన ఆ కాసేపట్లో ఎవరికీ మాట వచ్చేది కాదు.

"ఆ పిల్లోడు రాడు బావా," అన్నాడు మామ ఒకసారి, పాత అలవాటు మీద. నాయన వంగి పోగు అతికాడు. అది అచ్చులో ఉందని చెప్పడానికి అక్క లేదు. నేను మీట నొక్కాను. ఆ సన్నగొంతూ లావుగొంతూ మళ్ళీ బయల్దేరాయి, నిన్న ఎట్లా చెప్పాయో ఈరోజూ అట్లాగే, ఒక ఊపిరి తేడా లేకుండా. తమ్ముడు పడవ దిగాడు. మామ నాడె ఆగలేదు.

కొన్నాళ్ళకు చూస్తే కథ దారి కథది, మగ్గం దారి మగ్గానిది అయింది. నాయన వింటున్నాడో లేదో తెలిసేది కాదు. ఒకరోజు గుమాస్తా వచ్చేసరికి, "వేరే వీధోళ్ళకు పెట్టప్పా. మేము విన్నాము," అన్నాడు.

సావుకారు అల్లుడు తర్వాతి సెలవుకు వచ్చినప్పుడు, ఎట్లా ఉంది పెద్దాయనా అని అడిగాడు. నాయన బాగుందన్నాడు. తర్వాత నాడె పక్కన పెట్టి, "ఆ పొద్దు ఫస్టు పట్టినాము చూడు సామీ, నగుకున్నాము. అది ఏమన్నా ఉండాదా?" అన్నాడు.

"దాని మీదనే కదా పెద్దాయనా ఇది పట్టింది. అది పోయింది."

"ఊఁ," అన్నాడు నాయన. అంతే. కాళ్ళు గుంతలో కదిలాయి, మగ్గం నడిచింది. ఆ సంగతి మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు.

అక్క కాన్పుకు వచ్చింది. ఆమె రాకకు నాయన పిల్లవాడిలా కాచుకున్నాడు. మూలన పెట్టిన పుస్తకం, మొదటి ఆకులు లేనిదే, దుమ్ము దులిపి గడప పక్కన పెట్టాడు. బావి అడుగంటిన కాలం అది. అయినా ఆ పొద్దు మగ్గం చుట్టూ నీళ్ళు చల్లించాడు. మామ తలకు నూనె రాసుకుని వచ్చి మగ్గంలో దిగాడు. అక్క ఇంత పొట్టతో గడప మీద సర్దుకుని కూర్చుంది.

"చెప్పు పాపా," అన్నాడు నాయన.

అక్క పుస్తకం తెరిచింది. మగ్గాల వైపు చూసి, "నాయనా, రవ్వంత మగ్గాలు ఆపుతారా? చప్పుడుకు సరిగ్గా రాదు," అంది.

వాళ్ళు ఆపారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

అక్క చదివింది. అత్తవాళ్ళ ఇంట్లో రేడియో ఉందట. దాంట్లో నాటకాలు రోజూ విని, గొంతులు ఇంకా బాగా పట్టుకుంది. కథలో ఆమెకు ఒక గొంతు, తమ్ముడికి ఒక గొంతు, రేవులో ముసలివాడికి మూడోది. చేతులు రెండూ పుస్తకం మీదే ఉన్నాయి. అచ్చులో ఉన్నది అచ్చులో ఉన్నట్టే వచ్చింది. ఏరు ఏరుగానే ఉంది, చిత్రావతి దాని దరిదాపుల్లోకి రాలేదు. తమ్ముడు పడవ దిగేచోట గొంతు వణికించింది. నిజంగా బాగుంది. అమ్మ కళ్ళు తుడుచుకుంది. నేను మాత్రం, అక్కా ఎప్పటిలాగా చదువు, అనాలని నోటిదాకా తెచ్చుకుని అనలేకపోయాను. ఎప్పటిలాగా అంటే ఆమెకు ఆ ఎద్దుల గొంతే గుర్తొస్తుంది. ఆమె అంత కష్టపడి వదిలించుకున్నది అదే.

అయిపోయాక అక్క పుస్తకం మూసి నాయన వైపు చూసింది.

"శానా బాగా చదివినావమ్మా," అన్నాడు నాయన. "నోరు నొచ్చి ఉంటాది. పో, రవ్వంత మజ్జిగ తాగు."

ఆమె చదివిన అన్ని ఏళ్ళలో నాయన ఆమెను ఎన్నడూ మెచ్చుకోలేదు. చెప్పు పాపా అనేవాడు, పోగు అనేవాడు, అంతే. ఇప్పుడు అమ్మా అన్నాడు, మెచ్చుకున్నాడు, మజ్జిగ ఇప్పించాడు. ఇంటికి వచ్చిన పెద్దింటి ఆమెకు ఎట్లా మర్యాద చేస్తామో అట్లా. మామ కూడా "బో బాగుండాది కోడలా" అన్నాడు. ఒక్క వెక్కిరింపు కూడా లేదు.

అక్క మొహం వెలిగిపోయింది. లేచి పోతూ నా భుజం తట్టి, "విన్నావా మ్మే, నాయన ఏమన్నాడో?" అని చెవిలో అంది.

ఆమెకు ఇప్పుడు ఎనభై దాటాయి. పిల్లలొచ్చినా, చుట్టాలొచ్చినా, నాయన మాట వస్తే చాలు, ఆ పొద్దు సంగతి చెబుతుంది. మా నాయన నోరు విడిచి ఎవర్నీ మెచ్చుకునే మనిషి కాదు, నన్ను మాత్రం ఒక్కసారి మెచ్చుకున్నాడు, అంటుంది. ఆ మాట ఎట్లా అన్నాడో, ఏ గొంతుతో అన్నాడో కూడా చేసి చూపిస్తుంది. చూపించి, సాక్ష్యం కోసం నా వైపు తిరుగుతుంది.

అవునక్కా, అంటాను.